పిన్ని చెప్పిన తప్పు

మా బాబాయి నక్షత్రశాలలో ప్రొజెక్టర్ ఆపరేటరు. గుమ్మటం కింద రోజూ సూర్యుణ్ణి చంపి బతికేవాడు. షో చివర్లో సూర్యుడు ఉబ్బి, చల్లబడి, భూమంత చిన్న తెల్లని తారగా, శ్వేతకుబ్జంగా ముడుచుకుపోయేవాడు. అప్పుడు చీకట్లో మా పిన్ని గొంతు: "ఇక దాని చుట్టూ ఏమీ మిగలదు."

పిన్ని అక్కడే టికెట్లు చింపేది. వ్యాఖ్యాత రాలేదని ఒకసారి ఆమెతో చదివించి రికార్డు చేశారు. ఆమె పోయాక కూడా ఆ గొంతే నడిచింది. ఆమె ఊపిరి తీసుకునే చోట బాబాయి బొమ్మ మార్చేవాడు. చూసి చేసే పని కాదది, విని చేసేది.

కొత్త డైరెక్టరు ఆ వాక్యం దగ్గరే తప్పు పట్టుకున్నాడు. దగ్గరికి జారిన గ్రహశకలాలను శ్వేతకుబ్జం గురుత్వం చీల్చి పొడి చేస్తుంది. ఆ పొడి పళ్ళెంలా చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా దానిమీదే రాలుతుంది. అలాంటి తారల వెలుగులో రాళ్ళలోని ఇనుము, కాల్షియం జాడలు దొరికాయి. పాత పుస్తకాల కొట్టులో కొన్నవాటిలో నేనూ చదివాను. డైరెక్టరు చెప్పింది నిజం. నా ఒళ్ళు మండింది అందుకే.

"అంతా తీసెయ్యకండి సార్. ఆ ఒక్క ముక్కా నేను చెప్తా," అన్నాడు బాబాయి.

"మీరా? ఆ గొంతుకి జనం జడుసుకోరూ?"

"మెల్లగా చెప్తాను సార్."

డైరెక్టరు ఒప్పుకున్నాడు. మొదటి షోకి నేనూ వెళ్ళాను. పిన్ని చెప్పుకుంటూ వచ్చింది. సూర్యుడు ముడుచుకున్నాడు. ఉన్నట్టుండి బాబాయి బొంగురు గొంతు: "దాని చుట్టూ... పగిలిన లోకాల పొడి తిరుగుతూ ఉంటుంది."

పైన మాత్రం పొడి లేదు, పళ్ళెం లేదు. ఉత్త చీకటి. తన గొంతులో ఎక్కడ బొమ్మ మార్చాలో బాబాయికి తెలియలేదు.

"ఆవిడ మొగుడొచ్చాడ్రోయ్, దీపం ఆర్పేశాడు!" అన్నాడెవడో. హాలంతా గొల్లుమంది.

మర్నాడు మొత్తం కొత్త గొంతు వచ్చింది. పాతది చెరిపే పని ఆపరేటరుదే.

"ఇంటికో కాపీ తీసుకో బాబాయ్."

"ఎందుకురా? ఇంట్లో మీ పిన్ని నాతో అంత మెత్తగా ఎప్పుడు మాట్లాడింది? అది జనానికి చెప్పింది. నేనూ ఆ జనంలో కూర్చుని వినేవాణ్ణి."

చెరిపేముందు ఒక్కసారి పెట్టి వింటాడనుకున్నాను. వినలేదు. బటన్ నొక్కేసి, ఖాళీ హాల్లోకి వెళ్ళి కుర్చీలు తుడవడం మొదలుపెట్టాడు.