పూజలో పెట్టిన కంప్యూటర్

"బొట్టు పెట్టిండ్రు, పెట్టనీ. గంధం పూసిండ్రు, పూయనీ. కీబోర్డు మీద బెల్లం ముక్క ఎవరు పెట్టమన్నరు ఆంటీ? నిన్న పొద్దున మీ హాలుకు పోయి దాన్ని బోర్లించి కొడితే ఏం రాలినయో తెలుసా? చీమలు! సగం సచ్చినయ్, సగం బతికున్నయ్. ఛీ! ఇప్పటికీ చేతుల మీద పాకుతున్నట్టే ఉంది."

సుమేరా రెండు చేతులూ దుపట్టాకు మరోసారి తుడుచుకుంది. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న శేషారత్నం తన చేతులు కొంగు కిందికి లాక్కుంది. దసరా పూజకని ఆ బెల్లం ముక్క కొట్టి, ఆకులో చుట్టి ఇచ్చింది ఆమే.

షామీర్‌పేట రోడ్డులోని ఫంక్షన్ హాలుకు మేనేజరు రాజారావు ఆమె భర్త. సుమేరా చూసుకునే హాలు వెబ్‌సైటు పాడై ఇవాళ్టికి మూడో రోజు. తానొచ్చి అడగడానికి మొహం చెల్లక, "జెరాక్సుకని వెళ్ళినట్టు వెళ్ళి, ఎంతవరకు వచ్చిందో కనుక్కురా" అని భార్యను పంపాడాయన. ఆధార్ కార్డు చేత పట్టుకుని ఆమె మేడ్చల్ బస్ డిపో ఎదుట, టైర్ల దుకాణానికీ మిఠాయి కొట్టుకూ నడుమ సుమేరా నడుపుతున్న ఈ నెట్ సెంటర్ మెట్లెక్కింది.

"గా కార్డు ఇటియ్యకుండ్రి," అంది సుమేరా తెర మీంచి చూపు తిప్పకుండానే. "మొన్ననే నాలుగు కాపీలు తీసిచ్చిన. అంకులే పంపిండ్రు గదా?"

శేషారత్నం నవ్వబోయి మానేసింది. "ఆయన రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదమ్మా."

"నేను అసలే తింటలే. ఈ ఏడు దసరా ఎనకనే బక్రీద్ వచ్చింది, రేపే. ఇంట్ల పొట్టేలుకు మేతేసే దిక్కు లేదు. నేనేమో గీ రోత ముందల కూసున్న."

లేచి వెళ్ళిపోవచ్చు. కానీ శేషారత్నానికి ఒక పని ఎలా పాడవుతుందో, ఎలా బాగవుతుందో తెలుసుకోకుండా కదలడం అలవాటు లేదు. కుక్కర్ రబ్బరు దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా విప్పి చూసే నేర్చుకున్న మనిషి. స్టూలును కాస్త ముందుకు జరుపుకుంది.

"తెలియక అడుగుతున్నాను, ప్లగిన్ అంటే ఏంటమ్మా? మా ఆయన రెండు రోజులుగా నిద్రలో కూడా అదే మాట."

"హాలుంది గదా, గోడలు, పైకప్పు. అది వెబ్‌సైటనుకోండ్రి. టెంటు ఒకడు తెస్తడు, లైట్లు ఒకడు, వంట ఒకడు. బయటోళ్ళు వచ్చి తలా ఒక పని జేసిపోతరు. గవే ప్లగిన్లు. మన సైటుకు తొమ్మిదున్నయ్. ఫొటోలు జూపేది ఒకటి, ఏ తేదీ ఎవరికిచ్చినమో రాసుకునేది ఒకటి. వాటిని తయారుజేసినోళ్ళు అప్పుడప్పుడు కొత్తది ఇస్తరు. వచ్చిందని ఎర్రగ ఒక అంకె కనబడ్తది."

"కనబడితే నొక్కకూడదా?"

"నొక్కాలె. ముందుగాల మొత్తానికి ఒక నకలు తీసి దాసిపెట్టుకోని, ఒక్కొక్కటే నొక్కాలె. ఒకటి నొక్కి, సైటు సక్కగుందా అని జూసి, ఇంకోటి. తొమ్మిదిటినీ ఒక్క దెబ్బకు నొక్కి మెయిన్ బందు జేసేటోళ్ళను నేను నా జిందగీల జూడలే!"

శేషారత్నం చూసింది. ఆదివారం పొద్దున ఆమె అక్కడే, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. రాజారావు జనరేటరు తుడిచాడు, మైకు సెట్టు తుడిచాడు, వంటశాలలో కత్తులన్నీ తోమించి వరసగా పేర్చాడు. చివరికి కంప్యూటరు దగ్గరికొచ్చి తెర తుడుస్తుంటే ఎర్రటి తొమ్మిది కనిపించింది. "చూశావా, ఇంత పని పెండింగు పెట్టుకుని ఆయుధ పూజ ఏంటి?" అంటూ అన్నిటికీ టిక్కులు పెట్టి నొక్కేశాడు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఇంకో పది నిమిషాల్లో మంచి సమయం దాటిపోతుంది. "ఏదో తిరుగుతోందండీ" అని ఆమె అంది కూడా. "తిరిగి తిరిగి అదే ఆగుతుందిలే" అని ఆయన మెయిన్ స్విచ్ ఆపి, మానిటరు మీద బంతిపువ్వు పెట్టాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు కదిపేదాకా ముట్టకూడదు కనుక గదికి తాళం కూడా వేశాడు.

మధ్యాహ్నానికి హాలు పేరు కొడితే తెల్లటి పేజీ వచ్చింది. అక్షరం ముక్క లేదు.

"నేను ఫోన్ జేసిన," అంటోంది సుమేరా. "అంకుల్, ఏమన్న నొక్కిండ్రా, జర కంప్యూటర్ తెరిచి ఏం రాసుందో సదివి చెప్పుండ్రి అన్న. ఏమన్నరో తెలుసా? 'ఇప్పుడు ముట్టుకోకూడదమ్మా, పూజలో ఉంది'. సైటు సచ్చి పడుంది, డాక్టరు నాడి జూస్తనంటే శవాన్ని ముట్టొద్దంటరా!"

"అంత మాటెందుకే, పండగ పూట."

"మీ పండుగ అయిపోయింది ఆంటీ. నా పండుగ రేపు."

అన్నాక తనకే నచ్చనట్టు సుమేరా మొహం తిప్పుకుని వేళ్ళు విరుచుకుంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఇంటర్‌తో చదువు ఆగింది. షామీర్‌పేటలో బోరు మోటార్లు బాగుచేసే షుకూర్ కూతురు. చిన్నప్పుడు స్టార్టరు డబ్బాల ముందు తండ్రి పక్కన గొంతుక్కూర్చుని టార్చి పట్టిన పిల్ల. వెబ్‌సైట్ల పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. జెరాక్సు తీసుకునేవాళ్ళు లేని మధ్యాహ్నాల్లో, పక్కన ఇంగ్లిష్ డిక్షనరీ పెట్టుకుని, చదివింది చేసి, పాడుచేసి, మళ్ళీ చేసి పట్టుకుంది.

"మరి జబ్బు ఎక్కడుందో ఎలా కనిపెట్టావమ్మా, తెల్ల పేజీలో?"

"మా అబ్బా జేసినట్టే. మోటరు నడుస్తలేదని రైతు వస్తే ముందుగాల ఫ్యూజులన్నీ పీకేటోడు. తర్వాత ఒక్కొక్కటే పెట్టుకుంట వచ్చేటోడు. ఏది పెడితే టప్పుమంటదో గదే దొంగ. నేను తొమ్మిది ప్లగిన్ల పేర్లు మార్చి పక్కకు వెట్టిన. సైటు లేచింది. తర్వాత ఒక్కొక్కటి లోపలికి తెచ్చిన. ఆరు దాక బాగుంది. ఏడోది పెట్టంగనే మళ్ళ తెల్లగ."

"ఏడోది ఏంటి?"

"ఇంకేంది, తేదీలు రాసుకునేదే." సుమేరా మూతి విరిచింది. "కొత్తది పాత రాతలను తన తీరుకు మార్చుకుంట మార్చుకుంట సగంల ఆగింది, అంకుల్ బందు జేసిండ్రు గనక. ఇప్పుడు అది పాతదీ గాదు, కొత్తదీ గాదు. పాత ప్లగినే మళ్ళ తెచ్చి పెట్టిన. సైటు మంచిగనే నడుస్తాంది. కానీ జూడుండ్రి."

తెర ఇటు తిప్పింది. పెళ్ళిమంటపం బొమ్మ, దాని కింద నవంబరు. గడులన్నీ పచ్చగా, ఖాళీగా ఉన్నాయి. కార్తీకమాసంలో హాలుకు ఒక్క పెళ్ళి కూడా లేనట్టు!

"నా దగ్గర సెప్టెంబరు ఒకటో తారీఖు నకలుంది. అది ఎక్కిస్తే రసీదు నంబరు అరవై నాలుగు దాక తిరిగొస్తయ్. హాలుల తీసిన ఆఖరి రసీదు డెబ్బై అయిదని అంకులే చెప్పిండ్రు. పదకొండు పెండ్లిళ్ళు యాడికి పోయినయో ఆ పైవానికే ఎరుక. రసీదు కాగితాలు ఆళ్ళ దగ్గరున్నయ్. ఆళ్ళెవరో మన దగ్గర లేదు."

"అక్టోబరు ఒకటిన నకలు తీయలేదా?"

సుమేరా కిటికీ వైపు చూసింది. బయట బక్రీదుకు తెచ్చిన మేక ఒకటి టైర్ల దుకాణం స్తంభానికి కట్టేసి ఉంది, అదేపనిగా అరుస్తోంది.

"తీయలే," అంది. "ఆ దినం రెండుసార్లు కరెంటు పోయింది. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకున్న. చీమలను జూస్తే ఎంత రోత పుట్టిందో, నన్ను నేను తలుచుకుంటే అంతకన్న ఎక్కువ పుడ్తాంది ఆంటీ. నేనే గదా హాలు ఓనర్ తోని కొట్లాడి, తేదీలు రాసే ఆ ఎర్ర బుక్కు మూలకు ఏయించింది? బుక్కుల ఇద్దరికి ఒకటే తేదీ రాస్తుండ్రు, కంప్యూటర్ తప్పు జేయదని నేనే అన్న. ఇవాళ ఓనర్ ఏమన్నడో తెలుసా? కార్తీకంల ఒక ఆదివారం కావాల్నని ఒక కుటుంబం అయిదింటికి వస్తాందంట. ఆ ఆదివారం ఖాళీనో కాదో అప్పటిలోపల చెప్పకుంటే, వెబ్‌సైటు తీసేసి మళ్ళ బుక్కే పెడ్తడంట."

"ఖాళీ అని చెప్పేస్తే?"

"జంగమ్మదైతే? గాజులరామారం జంగమ్మ. కంపెనీల కూలికి పోతది, హాలు దాక రానీకి సెలవు దొరకదని ఇక్కడికే వచ్చింది. మీరు కూసున్న ఆ స్టూలు మీదనే కూసుంది. నేనే బుక్ జేసిన బిడ్డ పెండ్లికి. అది ఏ తేదీనో ఎంత గింజుకున్నా యాదికొస్తలేదు. నాలుగు వందల కార్డులు పంచినంక మంటపంల ఇంకొకళ్ళు కూసోనుంటే, ఆమె వచ్చి నా మొహం మీద ఉమ్మితే నేనేమనాలె?"

శేషారత్నం స్టూలు అంచులు పట్టుకుంది.

ఆమె కళ్ళ ముందు తన వంటింటి గోడ ఉంది. గ్యాస్ పొయ్యి పక్కన మేకుకు తిథులూ వర్జ్యాలూ ఉన్న తెలుగు క్యాలెండరు. గ్యాస్ బండ మార్చిన రోజు ఆమె అందులో చుక్క పెట్టుకుంటుంది. ఏడాదిగా ఆ గళ్ళలో ఇంకొకరి రాత కూడా ఉంటోంది. రాజారావు సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా వంటింట్లోకొచ్చి, పెళ్ళి తేదీ ఉన్న గడిలో పెన్సిలుతో పేరూ ఊరూ సన్నగా రాస్తాడు. "నా చుక్కలు కనబడకుండా చేస్తున్నారు" అని ఎన్నిసార్లో పోట్లాడింది. "కంప్యూటర్ని నమ్మి ఎలా కూర్చోమంటావే" అనేవాడు. "ఈ సంగతి ఆ అమ్మాయితో మాత్రం అనకు. చిన్నబుచ్చుకుంటుంది." రెండు రోజులుగా ఆయన నోరు మెదపనిదీ అందుకేనేమో. తాను నొక్కిన తప్పు ఒకటి, తాను నమ్మని తప్పు ఇంకొకటి.

"సుమేరా, నీకు కోపం వస్తుంది కానీ ఒక మాట."

చెప్పింది. గోడ, మేకు, పెన్సిలు, అన్నీ. గాజులరామారం అన్న పేరు తాను ఆ గళ్ళలో చూసినట్టే ఉందని కూడా చెప్పింది.

సుమేరా కుర్చీ వెనక్కి నెట్టి లేచి, కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"ఏడాది సంది? వచ్చినప్పుడల్లా నా ముందర కూసోని, 'శభాష్ అమ్మా, ఎంత తేలికైపోయింది' అనుకుంట... ఇంటికి పోయి పెన్సిలుతోని రాసుకుంటుండ్రా? థూ! అటు కీబోర్డుల చీమలు, ఇటు గీ పెద్దమనిషి." గొంతులో కోపం తగ్గలేదు గానీ కళ్ళు గోడ గడియారం మీదికి పోయాయి. రెండు దాటి పది నిమిషాలు. "ఏ నెల కాగితాలున్నయ్ ఆంటీ? అయిపోయిన నెలలు మీరు చింపి పారేస్తరు గదా?"

"చింపుతాను. సెప్టెంబరుది మొన్న గారెలు దింపడానికి పరిచాను. కానీ ఆయన రాసేది బుక్ చేసిన రోజు మీద కాదమ్మా, పెళ్ళి రోజు మీద. నవంబరూ డిసెంబరూ గోడకే ఉన్నాయి."

సుమేరా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడింది. డ్రాయర్ లాగి, ఓ ప్లాస్టిక్ కవరు తీసి శేషారత్నం చేతిలో పెట్టింది.

"దీంట్ల పెట్టి తెండ్రి. కాగితం చింపకుండ్రి, మేకుతోని సహా పీకినా మంచిదే. ఆటో ఎక్కుండ్రి, నడిచొస్తనని మొదలువెట్టకుండ్రి. నూనె చేతులతోని ముట్టొద్దు, పెన్సిలు రాత చెరిగిపోతది. అంకుల్‌ను మాత్రం వెంట తోలుకరాకుండ్రి ఆంటీ, ఇవాళ గా మొహం నేను జూడలేను. పోండ్రి, జల్దీ!"