బ్రేకులో పోసిన నూనె

ఆ రోజుల్లో ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో, డ్రైవరు పక్కనున్న సీట్లో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆఫ్రికాలో ఒక ధర్మాసుపత్రి వ్యాన్లకు మెకానిక్కుగా పనిచేసి, ఈ మధ్యే తిరిగొచ్చాడట. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్లు డ్రైవరు కాలి మీదే ఉన్నాయి.

పెద్ద దిగుడు ముందు డ్రైవరు రెండుసార్లు బ్రేకు తొక్కాడు.

“దీంట్లో ఏం పోసినారు?” అన్నాడాయన.

“బ్రేకాయిలు దొరకలా. శెనగనూనె పోసినాం. పొద్దున్నుంచీ బాగానే పడతా ఉండాది.”

ఆయన సీట్లోంచి లేచి గట్టిగా అన్నాడు. “ఆపు. అందరినీ దించు. నూనెకు లోపల రబ్బరు ఉబ్బిపోతాది. దిగుడు మధ్యలో బ్రేకు పడదు.”

ఆ గొంతు విని వెనక సీట్లోని అవ్వ మూట పట్టుకుని లేచింది. మిగతావాళ్లు సణుక్కుంటూ దిగారు. ఎండలో నడుస్తూ దారంతా ఆయన్నే తిట్టారు. నేను ఆయన పక్కనే నడిచాను.

“మీకెట్టా తెలుసు?” అన్నాను.

“ఆడ నేనే పోసినాను. వ్యానులో నలుగురు రోగులుండారు.”



ఖాళీ బస్సు ఫస్టు గేరులో మెల్లగా దిగి, కింద చక్కగా ఆగింది. అందరూ నవ్వుతూ ఎక్కారు. ఆయన ఎక్కలేదు. తన రేకుపెట్టె దించుకుని ఆత్మకూరు వైపు నడిచిపోయాడు.

నేను ఎక్కి ఆయన చోట్లో కూర్చున్నాను. ఆత్మకూరు వచ్చేదాకా డ్రైవరు కాలి మీది నుంచి చూపు తిప్పలేదు.