మా నాన్న చెప్పిన వడదెబ్బ

బిలాస్‌పూర్ రైల్వే కూలీల లైన్లలో ఉండే మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి డప్పు కొట్టి హిందీలో చెప్పే మాట చెవికెక్కేది కాదు. మా నాన్న చెప్పాలి. ఊళ్ళ నుంచి వాళ్ళని తెచ్చి గ్యాంగులో పెట్టిన మేస్త్రీ ఆయన. ఆయన మాట వాళ్ళకి వేదవాక్కు. ఆ సంగతి పట్టాల పని చూసే రైల్వే దొరకీ తెలుసు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలంలో, పక్క స్టేషను గతౌరా దగ్గర పనిచేసే కూలీలు వాంతులూ విరేచనాలతో వరసగా పోయారు. కలరా అని తెలిస్తే గ్యాంగంతా మూటలు కట్టుకుని పారిపోతుంది, పట్టాల పని ఆగిపోతుంది. అందుకని దొర నాన్నని పిలిచి వడదెబ్బ అని చెప్పమన్నాడు. నాన్న మా లైన్లలోని పెద్ద నూతి గట్టు మీద నిలబడి చెప్పాడు.

"కలరా నేదు గిలరా నేదు. వడదెబ్బర్రా. మజ్జిగ తాగి డ్యూటీకి రండి."

ఇంటికొచ్చి తలుపు వేసి అమ్మతో మాత్రం, "ఆ నూతి నీళ్ళు ముట్టకు. గతౌరా నుంచొచ్చినోళ్ళు అక్కడే గుడ్డలుతికారు. ఇంజన్ల షెడ్డు నుంచి కాగిన నీళ్ళు నాను తెస్తాను" అన్నాడు.

పక్క క్వార్టరులో అత్త ఉండేది, అమ్మకి తమ్ముడి వరసైన మావయ్య పెళ్ళాం. ఇద్దరూ రోజూ కలిసే నూతికి వెళ్ళేవారు.

"ఏటొదినా, నూతికి రానేదేటి?"

"నడుం పట్టీసిందే."

అత్త నమ్మింది. అయ్యో అనుకుని తనే రెండు బిందెలు మోసుకొచ్చి మా వంటింట్లో దించింది. అలా నాలుగు రోజులు. ఆమె గుమ్మం దాటగానే అమ్మ ఆ నీళ్ళు పెరట్లో పారబోసేది. ఎవరికైనా చెబితే నాన్న నౌకరీ పోతుందని నన్ను బెదిరించింది. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అనేవారు. ఆ ఒక్కసారీ నానింది. అందుకు ఇప్పటికీ నామీద నాకు అసహ్యమే.

ఐదో రోజు పొద్దున్న అత్త పడింది. దీపాల వేళకి పోయింది. శవాన్ని తీసుకెళ్ళొచ్చాక మావయ్యకి అంతా చెప్పేశాను.

మర్నాడు నూతిలో కలరా పురుగుని చంపే ఎర్రమందు వెయ్యడానికి డబ్బా పట్టుకుని రైల్వే ఆస్పత్రి మనిషి ఒకడు వచ్చాడు. చేతులు కాలాక ఆకులు. అది విషమేమోనని ఆడవాళ్ళు నూతికి అడ్డం నిలబడ్డారు. నాన్న మళ్ళీ గట్టెక్కాడు.

"కలరాయే. ఈ మందు మన మంచికే. నా మాట నమ్మండి."

మావయ్య తలెత్తాడు. "నమ్మే కదా బావా, నీ సెల్లి ఆ నీళ్ళు తాగింది. మీకూ మోసి పెట్టింది."

నాన్న గట్టు దిగాడు. మందు మనిషి డబ్బా మూత తియ్యకుండానే వెళ్ళిపోయాడు. ఇదీ అబద్ధమేనని ఆడవాళ్ళు నాన్న కళ్ళెదుటే నూతిలో చేదలు వేశారు.