పిడి కింద బస్సు టికెట్టు

వీధిలో అందరూ ఆవిడ్ని భూతద్దమ్మ అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. వారమంతా దర్జీల కత్తెరలకూ మాంసం కొట్ల కత్తులకూ సానపట్టే పని. ఆదివారం మాత్రం కొట్టు షట్టరు సగం దించి, పాత వేటకత్తులు ముందేసుకుని భూతద్దంతో చూస్తూ కూర్చుంటుంది. తుప్పు నల్లగా గట్టిపడి ఉంటే కత్తి పాతది. ఎర్రగా వేలికి అంటుకుంటే ఎవడో మొన్న యాసిడ్ పోశాడన్నమాట. చేతిలో ఉండి అరిగిన పిడి బొటనవేలు ఆనే చోటే అరుగుతుంది, ఆకురాయితో అరగదీసింది అంతటా అరుగుతుంది. ఇదంతా ముచ్చటపడి నేర్చుకుందనుకునేరు. కాదు, పగతో నేర్చుకుంది.

ఆ పగ వయసు ఇరవై ఒక్క ఏళ్ళు. అప్పుడు కొట్టు నాన్నది. వాళ్ళ తాతల నాటి వేటకత్తి ఒకటి ఉండేది, జింక కొమ్ము పిడి. కత్తులు సేకరించేవాళ్ళ సంఘం ప్రదర్శన పెడుతోందని తెలిసి, నాన్న దాని పిడి వదులైతే కొత్త రివెట్లు బిగించాడు. కొమ్ముకీ ఇనుముకీ మధ్య సందు మిగిలింది. "ఏదైనా కాగితం ముక్క ఉంటే ఇవ్వమ్మా" అంటే, ఈవిడ సంచిలోంచి ఆ రోజు బస్సు టికెట్టు తీసి ఇచ్చింది. దాన్ని మడిచి సందులో దూర్చాడు.

నాలుగు రోజుల తర్వాత ప్రదర్శనలో సంఘం అధ్యక్షుడు కత్తిని అటూ ఇటూ తిప్పి, "రివెట్లు ఎవరు మార్చారు?" అన్నాడు. నాన్న నెమ్మదిగా, "నేనేనండి" అన్నాడు. "గట్టిగా చెప్పవయ్యా, వెనకవాళ్ళకి వినపడలేదు" అన్నాడు అధ్యక్షుడు. నాన్న గట్టిగా చెప్పాడు. "విన్నారుగా, రివెట్లే కాదు, కత్తి కూడా ఈయనే చేసుకున్నాడు, నకిలీ" అన్నాడాయన. హాలంతా నవ్వింది. ఆ సాయంత్రమే నాన్న కత్తిని పాత ఇనుము వాడికి పడేశాడు.

ఏడాది తిరక్కుండా అదే కత్తి, కొమ్ము మీద అదే గీటుతో, అధ్యక్షుడి పుస్తకంలో బొమ్మగా కనపడింది. 'నలభై ఏళ్ళుగా నా దగ్గరున్నది, పిడి ఒక్కసారీ విప్పనిది' అని కింద రాసుకున్నాడు మహానుభావుడు. నాన్న చూసి "పోనీలే" అన్నాడు, మరి రెండేళ్ళకి ఆయనే పోయాడు. పోనీలే అనడం కూతురికి చేతకాలేదు. సంఘంలో చేరింది, అందరికీ "అలాగేనండి" అంటూ తల వంచుకుని పని నేర్చుకుంది, చివరికి సంఘానికి పరీక్షకురాలైంది. అధ్యక్షుడికి ఆవిడ ఎవరి కూతురో ఏనాడూ తట్టలేదు. ఆయన లెక్కలో ఆవిడ కత్తెరలావిడ, అంతే.

ఈ ఏడు మ్యూజియం వాళ్ళు ఆయన కత్తులు తీసుకుని ఒక గదికి ఆయన పేరు పెడతామన్నారు. ముఖ్యమైన కత్తిని మాత్రం వేరే పరీక్షకులు చూసి వయసు రాసివ్వాలన్నారు. ఆయనే స్వయంగా మఖమలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. "పెద్ద పనేం కాదమ్మా, ఓ సంతకం పడేయ్."

"పిడి విప్పి చూడాలండి" అంది. నీ ఇష్టం అన్నట్టు ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

సంగతి విని ఆవిడ తమ్ముడు ఎగిరి గంతేశాడు. "నకిలీ అని రాసి పారెయ్ అక్కా. ఆయన దెబ్బ ఆయనకే."

"అది ఆయన కత్తి కాదురా, నాన్న కత్తి. మళ్ళీ నకిలీ అనమంటావా, అదీ నా చేత్తో?"

ఆవిడ కత్తిని వెలుగులోకి తిప్పింది. రివెట్ల తలల మీద ఆకురాయి గీతలు ఎడమకి వాలి ఉన్నాయి. నాన్నది ఎడమచేతి వాటం. వాటిని తనే అరగదీయాల్సి వచ్చినా ఆవిడ ఆగలేదు. కొమ్ము ఊడింది. టికెట్టు పసుపు రంగుకి తిరిగింది గానీ తేదీ చక్కగా కనపడుతోంది.

సంఘం సమావేశం అదే హాల్లో, అదే పొడుగాటి బల్ల దగ్గర. ఆవిడ కాగితం చదివింది. కత్తి అలుగు అసలైనదే, నూట యాభై ఏళ్ళ పైమాటే. అధ్యక్షుడు నవ్వుతూ తల ఊపాడు. రివెట్లు మాత్రం కొత్తవి, పిడి లోపల దొరికింది ఇదీ అని టికెట్టునీ భూతద్దాన్నీ బల్ల మీద పెట్టింది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి రెండూ వెళ్ళాయి. తేదీ చదివిన ప్రతివాడూ తలెత్తి అధ్యక్షుడి వైపు చూశాడు. ఏనాడూ పిడి విప్పలేదని ఆయనే పుస్తకంలో రాసుకున్న కత్తి లోపలికి ఇరవై ఒక్క ఏళ్ళ నాటి టికెట్టు ఎలా దూరింది?

"ఆ రివెట్లు వేసింది మా నాన్న. మీరు ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, ఈ కత్తినే నకిలీ అన్నారు" అంది ఆవిడ. "ఒక్కటే అడుగుతానండి. అప్పుడు మీకు కత్తుల సంగతి తెలియదా? తెలిసే కాజేశారా?"

ఆయన టికెట్టు వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. తెలియదంటే ఇన్నేళ్ళ పెద్దరికం గంగలో కలిసినట్టే. తెలుసంటే దొంగ. మొహం పాలిపోయింది. ఆవిడకి జాలి వేస్తుందేమోనని ఆ క్షణం దాకా లోలోపల భయం ఉండేది. వెయ్యలేదు.

"అప్పట్లో... నాకు తెలియలేదమ్మా" అన్నాడు గొణుగుతూ.

ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"గట్టిగా చెప్పండి. వెనకవాళ్ళకి వినపడలేదు."