కొండపల్లి అడవిలో కర్రి చూపిన ఊట

1974 వేసవి. బెజవాడలో సర్వేయరుగా చేరి రెండేళ్లయింది. కొండపల్లి వెనక అడవి కొండమీద పాత సరిహద్దు రాళ్లు ఉన్నాయో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. బొమ్మలకు పొణికి కర్ర కొట్టుకునేవాళ్లు తప్ప అటు ఎవరూ వెళ్లరు. నా వెంట చైన్‌మన్, అంటే కొలత గొలుసు పట్టే మనిషి, దానియేలు గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. ఆయన వెనకే ఆయన నల్లకుక్క కర్రి.

ఆఫీసు పనికి కుక్కేమిటని విసుక్కున్నాను.

"రానీయండి సార్. కూనప్పట్నుంచీ నాతో ఈ కొండంతా తిరిగిందండి," అన్నారాయన.

కోణాలు కొలిచే థియోడలైట్ నేను మోశాను. ముక్కాలి స్టాండూ, బరువైన గొలుసూ ఆయన మోశారు. పదకొండు గంటలకల్లా మూడు రాళ్లు దొరికాయి. నాలుగోదాని కోసం తుప్పలు నరుకుతుంటే నా మోచెయ్యి తగిలి మా ఒక్కగానొక్క నీళ్ల సీసా బండమీద పడి పగిలింది.  ఆయన పని ఆపలేదు.

కాసేపటికి ఉన్నట్టుండి కూలబడ్డారు. చెమట ఆగిపోయింది, ఒళ్లు కాలుతోంది, మాట తడబడుతోంది. వడదెబ్బ. నీడకు చేర్చాను గాని చుక్క నీరు లేదు. ఊరు రెండు గంటల దూరం. వదిలి వెళ్లడానికి భయం, కూర్చుంటే ఇంకా భయం.

అంతలో ఎటో వెళ్లిన కర్రి తిరిగొచ్చింది. పొట్ట తడిసి ఉంది, కాళ్లకు బురద. నేను లేవగానే అది వచ్చిన దారినే మళ్లింది. గుర్తుకోసం కొమ్మలు విరుస్తూ దాని వెంట దిగాను. ఒక బండ కింద, ఎండుటాకుల మధ్య, నీటి ఊట.

చొక్కా తడిపి, టిఫిన్ గిన్నె నింపుకుని పరుగెత్తాను. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఒళ్లంతా తడుపుతూ ఆకుల కొమ్మతో విసిరాను. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచారు.

"గొలుసు జాగర్తగా ఉందాండి?"

"ఉందండి. నీళ్లు పారబోసింది నేను. తప్పు నాది."

"అడవిలో ఎవరికైనా జరుగుద్దండి," అని గుక్కెడు తాగారు.

సాయంత్రానికి నా భుజం పట్టుకుని దిగారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నారు.

తర్వాత ఏ కొండకు వెళ్లినా, యంత్రం తెరిచేముందు ఇక్కడ నీళ్లెక్కడని అక్కడివాళ్లను అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ ప్రమాదం జరిగేవరకూ ఆయన్ని ఉట్టి పేరుతోనే పిలిచేవాణ్ణి. ఆయన తిరిగి పనికి వచ్చిన రోజు "దానియేలు గారూ" అన్నాను. ఎవర్ని పిలిచానో అని ఆయన వెనక్కి తిరిగి చూశారు.