సొరుగు మీద చుక్క

ఆ వీధిలో అందరూ అతన్ని చుక్కల మెకానిక్ అంటారు. ఈ పేరు మొదటిసారి విన్నవాళ్ళు, సాయంత్రమయ్యేసరికి ఓ చుక్క వేసుకునే రకం కాబోలు అనుకుంటారు. పాపం, అతను టీ కూడా పల్చగా తాగే మనిషి. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, పాత రేడియోలు బాగుచేస్తాడు. బాగుచేసి మూత బిగించాక చొక్కా జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి, ఒక స్క్రూ తల మీదా పక్కనున్న ప్లాస్టిక్ మీదా కలిసేలా చిన్న చుక్క పెడతాడు. ఆ స్క్రూని ఎవరు తిప్పినా చుక్క పగులుతుంది. పగిలిన చుక్కతో వస్తువు తిరిగొస్తే, "మధ్యలో ఎవడో చెయ్యి పెట్టాడు" అని ఇక దాన్ని ముట్టుకోడు.

ఈ బుద్ధి ఊరికే పుట్టలేదు. కొట్టు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి, బాగుచేయించుకున్న మిక్సీని ఇంటికి పట్టుకెళ్ళి, అందులోని మంచి మోటారు పీకించి కాలిపోయినది పెట్టించి, తిరిగి తెచ్చి నలుగురిలో ఇతన్ని దొంగన్నాడు. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగిపోయింది. మర్నాడే గోళ్ళరంగు కొన్నాడు. అంగట్లో దొరికే రంగైతే ఎవడైనా కొనగలడు కదా! అందుకని ఎరుపులో ఊదా, ఊదాలో కాస్త నలుపు కలిపి, ఇంకెవరికీ కలపడం రాని ఒక నేరేడుపండు రంగు తయారుచేశాడు. ఆ సీసా ఎప్పుడూ జేబులో పెన్ను పక్కనే ఉంటుంది.

అనుమానం పెనుభూతం అన్నారు. భూతమైతే తన వేళకి తిరిగి తన దారిన పోతుంది. ఇది మాత్రం కొట్టు కట్టేశాక అతనితోపాటే ఇంటికి నడిచొచ్చేది. టీవీ వెనక ఒక చుక్క. కరెంటు మీటరు పెట్టె మీద ఒక చుక్క. ముందుగదిలో బల్లకున్న అడుగు సొరుగుకీ దాని చట్రానికీ మధ్య, తెరిస్తే పగిలేలా, కాస్త పెద్ద చుక్క. ఆ సొరుగులో కొట్టు రెండో తాళంచెవి, తండ్రి వదిలిపోయిన స్క్రూడ్రైవర్ల పెట్టె, జ్వరం చూసే థర్మామీటరు ఉండేవి. విలువైనవన్నీ ఒకేచోట ఉండాలని అతని లెక్క. "మా నాన్న స్క్రూడ్రైవర్లకి ఇన్నేళ్ళయినా తుప్పు పట్టలేదంటే ఎందుకనుకుంటున్నావు? గాలి తగలనివ్వను" అని కనిపించినవాడికల్లా చెప్పేవాడు.

ఒక్కటే అతనికి అంతుపట్టేది కాదు. గోళ్ళరంగు అయిపోవాల్సిన దానికన్నా ముందే అయిపోయేది. సందు చివర ఫ్యాన్సీ కొట్టావిడ సీసాలు వెలితిగా నింపినవి అంటగడుతోందని తీర్మానించాడు. ఒకసారి ఆవిడ కొట్టు నిండా జనం ఉండగా సీసాని వెలుతురుకి ఎత్తిపట్టి, "ఏంటమ్మా ఇది?" అని నిలదీశాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. అప్పటినుంచి పక్క వీధికి నడిచెళ్ళి కొనడం మొదలుపెట్టాడు. అవీ అంతే తొందరగా అయిపోయాయి. దాంతో ఫ్యాన్సీ కొట్లవాళ్ళంతా కూడబలుక్కున్నారని ఖాయం చేసుకున్నాడు. తప్పు తన లెక్కలో ఉందేమోనన్న అనుమానం మాత్రం ఆ అనుమానాల పుట్టకి ఒక్కనాడూ రాలేదు.

ఇలాంటి మనిషికి కుడి మణికట్టు పట్టేసింది. బతుకంతా స్క్రూలు తిప్పిన చెయ్యి. నరం నలిగిందనీ, సోమవారం చిన్న ఆపరేషన్ చేయాలనీ, తర్వాత కొన్ని వారాలు స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదనీ డాక్టరు చెప్పాడు. కొట్టు నిండా విప్పి పెట్టిన సామాన్లు. మూసేస్తే వచ్చేవాళ్ళంతా మెయిన్ రోడ్డులో కొత్తగా వెలిసిన అద్దాల షాపుకి పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ రారు. తెరవగలిగినది ఒక్క కూతురే. బడి నుంచి నేరుగా కొట్టుకొచ్చి, బల్ల కింద కూర్చుని కాలిన మోటారు కాయిల్స్ విప్పుకుంటూ పెరిగిన పిల్ల. తీగలు అతికే సోల్డరింగ్ తండ్రికన్నా శుభ్రంగా చేస్తుంది. కంప్యూటర్ల చదువు ముగించి ఇంట్లోనే ఉంది.

"నాన్నా, రెండో తాళం ఇవ్వు. నువ్వు లేచేదాకా నేను చూసుకుంటా" అని అడిగింది.

"చూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దామంటే లేదని అర్థం.

పిల్ల రెండోసారి అడగలేదు. తండ్రి ముఖం చూసి మాట్లాడటం మాత్రం మానేసింది. భార్య ఊరుకోలేదు. "కన్నకూతురికివ్వని తాళం ఇంకెవరికిస్తారండీ? మీతోపాటు ఆస్పత్రికి తీసుకెళ్తారా?"

"నమ్మకం లేక కాదే. నా జాగ్రత్త నాది."

"మీ జాగ్రత్తలో కొట్టు కొట్టుకుపోతుంది, పిల్ల మనసు విరిగిపోతుంది. తర్వాత మీ ఇష్టం" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే కూతురి స్నేహితురాలు, పెద్ద కళ్ళజోడు పిల్ల, సంచీలో కంప్యూటరు మోసుకుంటూ దిగింది. ఇద్దరూ గదిలోకి దూరారు.

"గేమ్ జామ్ అంకుల్" అంది కళ్ళజోడు పిల్ల.

"ట్రాఫిక్ జామ్ తెలుసు. రొట్టెకి రాసుకునే జామ్ తెలుసు. ఇదేం జామ్?"

"ఒక మాట ఇస్తారు అంకుల్. ఆ మాట మీద రేపు సాయంత్రంలోపల ఒక ఆట తయారుచేసి పంపాలి. ఎక్కడెక్కడివాళ్ళో ఆడి చూసి మార్కులేస్తారు."

"ఏం మాటిచ్చారు?"

పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎవరికీ తెలియకుండా" అంది కూతురు, గోడతో చెబుతున్నట్టు. తలుపు మూసుకుంది.

గుండెల్లో రైళ్ళు పరిగెత్తడమంటే ఏమిటో అతనికి ఆ పూట బాగా తెలిసొచ్చింది. పేపరు చదువుతున్నట్టు తలుపు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉందని భార్య రెండుసార్లు చెప్పింది. లోపలి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

"ఆయన స్నానానికి వెళ్ళేదాకా సొరుగు జోలికి పోకూడదు."

"సీసా చొక్కా జేబులో. చొక్కా కొక్కేనికి."

"వాళ్ళమ్మకి తెలుసా?"

"తెలుసు. తెలిసినట్టు కనబడదు."

పేపరు చేతిలోంచి జారిపోయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడికి గోళ్ళరంగు లేక గానీ! లేచి సొరుగు దగ్గరకెళ్ళి వంగి చూశాడు. నేరేడు చుక్క నిక్షేపంగా ఉంది. అయినా మనసాగక దాని పక్కన ఇంకో చుక్క పెట్టాడు. తాళం అడిగితే ఇవ్వలేదు కదా, అడక్కుండా తీసుకునే పన్నాగం ఇది. ఆ కళ్ళజోడు పిల్ల వాలకం మొదటినుంచీ అతనికి నచ్చలేదు. అంత పెద్ద కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ఏం చూస్తున్నారో తెలిసి చావదు.

ఇలా ఆలోచిస్తుండగా మూసిన తలుపు వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. గొంతు సవరించుకుంటూ రెండు చిన్నవి, ఒక పెద్దది. గదిలోకి అడుగుపెట్టే ముందు అతను దగ్గే దగ్గు! తను ఇక్కడ, దగ్గు అక్కడ. గొంతు తడుముకున్నాడు. మళ్ళీ అదే దగ్గు, వెనకాలే చెప్పుల చప్పుడు, తన చెప్పులదే. తర్వాత ఆడపిల్లల నవ్వు.

"నా దగ్గు ఎందుకే వీళ్ళకి?" అని భార్యని అడిగాడు.

"ఉచితంగా దొరుకుతుందని" అందావిడ, తల తిప్పకుండానే.

ఆదివారం అతను స్నానానికి చొక్కా వేసుకునే వెళ్ళాడు. చెవుల్లో సబ్బు నురగతోనే బయటికొచ్చి సొరుగు చూశాడు. రెండు చుక్కలూ ఉన్నాయి. ఉన్నందుకు సంతోషించాలి కదా? మరింత దిగులేసింది. మధ్యాహ్నం దాటాక ఇక ఓపిక పట్టలేకపోయాడు. దగ్గకుండా తలుపు తోశాడు.

కళ్ళజోడు పిల్ల ఉలిక్కిపడి లేచింది. కూతురు కదల్లేదు. బల్ల మీద తాళాలు లేవు, స్క్రూడ్రైవర్లు లేవు. కంప్యూటరు తెర మీద మాత్రం అతని ఇల్లుంది. ముందుగది, తలకిందుల పేపరు, కొక్కేనికి చొక్కా, బల్ల, అడుగు సొరుగు, దాని మీద నేరేడు రంగు చుక్క.

"ఎవరి పర్మిషన్‌తో గీశారు ఇది?"

"ఇంకా పంపలేదు" అంది కూతురు. రెండ్రోజుల తర్వాత మొదటిసారి తండ్రి ముఖం చూసింది. "ఎవరూ ఆడి చూడలేదు. నువ్వు ఆడు నాన్నా. ఆడాక వద్దంటే తీసేస్తా."

అతను కూర్చున్నాడు. కుడిచేతికి పట్టీ ఉంది కాబట్టి మౌస్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. తెర మీద ఒక మాట వచ్చింది: 'అమ్మ ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు కావాలి.'

"ఇందులో ఏ వస్తువూ మనతో ఉంచుకోకూడదు అంకుల్" అని కళ్ళజోడు పిల్ల బెరుగ్గా చెప్పింది. "దేని మీదైనా నొక్కొచ్చు, తెరవొచ్చు. దగ్గు వినపడేలోపల అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టెయ్యాలి. అంతే ఆట."

అతను సొరుగు మీద నొక్కాడు. తెరుచుకుంది, చుక్క పగిలింది. దగ్గు. చెప్పుల చప్పుడు. 'నాన్న చూశాడు' అని తెర నల్లబడి ఆట మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ముందు దువ్వెన తీసి సందులో దూర్చాడు. నాన్న చూశాడు. కాగితం దూర్చాడు. నాన్న చూశాడు. మెకానిక్‌కి పట్టుదల పెరిగింది. తన చుక్కని తనే దాటలేకపోతున్నందుకు లోలోపల గర్వంగా కూడా ఉంది. "అది పగలకుండా తెరవడం ఎవరి తరమూ కాదు. మీ ఆటలోనే తప్పుంది" అన్నాడు.

"పగలకుండా తెరవమని ఎవరన్నారు?" అంది కూతురు.

అప్పుడతని చూపు కొక్కేనికున్న చొక్కా మీద పడింది. బాణం గుర్తుని మెల్లగా జేబు దగ్గరికి జరిపి నొక్కాడు. సీసా బయటికొచ్చింది.

సొరుగు తెరిచాడు. లోపల థర్మామీటరు, తాళంచెవి, స్క్రూడ్రైవర్ల పెట్టె. తాళంచెవి మీద నొక్కితే 'ఇది నాన్నది' అని వచ్చి ఊరుకుంది. స్క్రూడ్రైవర్ల మీద నొక్కితే ఒక గుడ్డ, ఒక నూనె చుక్క వచ్చి వాటిని మెరిసేలా తుడిచి వెళ్ళాయి. ఆటకి ఆ పనితో అవసరమే లేదు. థర్మామీటరు తీసి చూసి పెట్టేశాడు, సొరుగు మూశాడు, పాత రంగు గీకి సీసాతో కొత్త చుక్క పెట్టాడు. సీసా జేబులోకి వెళ్ళింది. దగ్గు వినిపించింది. చెప్పులు సొరుగు దాకా వచ్చి, ఆగి, వెళ్ళిపోయాయి.

'నాన్నకి తెలియలేదు.'

అతని చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది.

"ఇది కట్టుకథా?" అని అడిగాడు. కళ్ళజోడు పిల్ల పైకప్పు చూడసాగింది.

"ఎప్పటినుంచే?"

"ఏడో క్లాసు నుంచి" అంది కూతురు.

"మీ అమ్మకి?"

"నాకు అంతకు ముందునుంచే" అని గుమ్మంలోంచి భార్య గొంతు వినిపించింది. "మీ స్నానం వేళ కాస్త రంగు ఒంపి దాచుకుంటాం. థర్మామీటరు తీసుకెళ్ళి సొరుగులో పెట్టి చుక్క కొట్టారు. పిల్లకి జ్వరమొస్తే, మీరు కొట్టు కట్టి వచ్చేదాకా చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చోమంటారా?"

"నీకెప్పుడొచ్చింది జ్వరం? అమ్మ ఒళ్ళు కాలిపోతోందంటోంది ఇందులో. నాకు చెప్పలేదేం?"

"ఎంతుందని అడుగుతారు. ఎంతుందో చెబితే, ఎలా తెలిసిందని అడుగుతారు" అందావిడ. కోపంగా కూడా అనలేదు, పాలు పొంగిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

చుక్కల మెకానిక్ కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి ముందుగదిలోకి వెళ్ళాడు. రెండు చుక్కలూ పగిలేలా సొరుగు లాగాడు. పెట్టె మూత తీశాడు. తండ్రి స్క్రూడ్రైవర్లు పల్చటి నూనె తడితో మెరుస్తున్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కుట్టుమిషన్ నూనె. ఇన్నేళ్ళూ గాలి తగలనివ్వని సొరుగుని మెచ్చుకున్నాడు, చుక్కని మెచ్చుకున్నాడు. సొరుగు ఎవరూ తెరవలేదు కాబట్టే ఏదీ పోలేదని నమ్మాడు. ఎన్నిసార్లు తెరిచారో లెక్కే లేదు, ఏదీ పోలేదు. నలుగురిలో తనని ఒకడు దొంగన్నందుకు అంత నొచ్చుకున్నవాడు, రోజూ తన ఇంట్లోవాళ్ళని నోరు తెరవకుండా అదే మాట అంటూ వచ్చాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

తాళంచెవి తీసుకుని గదిలోకి వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర దగ్గు రాబోతే మింగేశాడు. తాళంచెవిని మౌస్ పక్కన పెట్టాడు.

"సోల్డరింగ్ ఐరన్ ఆపకుండా కొట్టు కట్టావంటే ఊరుకోను."

"ఊ" అంది కూతురు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. కాసేపటికి జేబులోంచి సీసా తీసి తాళం పక్కన పెట్టాడు. "రేపు ఆ పొడుగు ఫ్యాను ఇవ్వాలి. చుక్క లేకుండా పంపకు." ఆ పిల్ల సీసా అందుకుని తలకిందులు చేసి అరచేతికి రెండుసార్లు తట్టింది, అచ్చం అతను తట్టినట్టే. అది చూసి అతనికి నవ్వొచ్చింది, వెంటనే ఇంకేదో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆట వేళకే వెళ్ళింది. మర్నాడు పొద్దున ఎవరో ఆడి రాసిన మాట కూతురు చదివి వినిపించింది: 'ఆట బాగుంది కానీ, ఇలాంటి తండ్రి ఎక్కడా ఉండడు.' చదివేసి తాళంచెవి తిప్పుకుంటూ కొట్టుకి వెళ్ళిపోయింది.

ఆస్పత్రికి బయల్దేరిన మెకానిక్ సందు చివర ఆగాడు. "ఆస్పత్రికి వేళవుతోందండీ" అని భార్య గట్టిగా వద్దంటున్నా ఫ్యాన్సీ కొట్టు మెట్లెక్కాడు. అతన్ని చూడగానే కొట్టావిడ నడుం మీద చేతులేసుకుంది. "ఏంటి మెకానిక్ గారూ, మళ్ళీ సీసా తెచ్చారా?"

"లేదమ్మా. నీ సీసాలు నిండుగానే ఉండేవి. ఆ రోజు అందరి ముందు నిన్ను అనకూడని మాటన్నాను. నాదే తప్పు." గొంతు సవరించుకున్నాడు. "ఆ రంగు మా ఇంట్లో ఇంకో ఇద్దరు కూడా వాడుతున్నారట. నాకు నిన్ననే తెలిసింది."

కొట్టావిడ అతని వెనక నిలబడ్డ భార్య చేతులకేసి చూసింది. ఆ గోళ్ళకి జన్మలో రంగు తగిలినట్టు లేదు. ఆవిడ మెల్లగా తలెత్తి మెకానిక్‌ని ఎగాదిగా చూసి, ఇంతకీ ఈయన వెళ్తున్నది ఏ ఆస్పత్రికో అన్నట్టు అనుమానంగా ముఖం పెట్టింది.