వీరమ్మ ఆకు

పొద్దున్నే మడులకు పైపు పెట్టగానే ఎండు మామిడాకు మీద మొదటి నీళ్ళు పడతాయి. చేటలో బియ్యం పోసినట్టు చిన్న చప్పుడు, దాని వెనకే వాసన. తడిసిన ఎండాకుది కొంత తేయాకు వాసన, కొంత పాత చెక్కపెట్టె వాసన. రోహిణి కార్తె ఎండ ఎక్కకముందే ఆ వాసన పెరడంతా నిండుతుంది. అప్పుడు నాకు తెలియకుండానే గోడ వైపు చూస్తాను. గోడ మీద రెండు మోచేతులు ఆనించి, తల మీద గుడ్డ చుట్టతో వీరమ్మ నిలబడి, “ఇయ్యాల నీళ్ళు కాస్త ఎక్కువైనాయండీ” అంటుందేమోనని. ఆమె పోయి మూడేళ్ళయింది.

వీరమ్మను మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి. చేతులు కడుక్కున్నా గోళ్ళ చుట్టూ ఎర్రమట్టి గీత పోయేది కాదు. ఆమె తల్లి మా తోటలో పనిచేసింది, ఆమె కూడా మా తోటలోనే పనిచేసింది. తోట చేతులు మారాక కొత్త యజమాని దగ్గర అదే చెట్ల కింద అదే పని చేసింది. మారింది మేమే.

నూజివీడు ఊరి చివర, మా పెరటి గోడ అవతల నుంచి రెడ్డిగూడెం దారి వరకు ఉన్న తోట మా ముత్తాతగారు వేయించింది. కోర్టు వాయిదాల్లో కొంత, నాన్నగారి పంతాల్లో కొంత జారిపోయి, చివరికి మిగిలినదంతా ఒక మామిడి వ్యాపారి చేతికి వెళ్ళింది. నాకు ఇల్లు, ఇంటి వెనక పెరడు మిగిలాయి. ఇది చెప్పుకోవడానికి నేనెప్పుడూ తల దించుకోలేదు. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ నా ఇల్లు నేను నడుపుకున్నాను.

తోట కొన్న మొదటి వేసవిలో ఆ వ్యాపారి మర్యాద కోసం బుట్టెడు చిన్నరసాలు, వాటి మీద రెండు సొరకాయలు పెట్టి పంపించాడు. బుట్ట తెచ్చిన మనిషితో వీధిలో నలుగురూ వింటుండగా, “మాకు కావలసింది మా పెరట్లో పండుతుంది. ఆ తోటలోది ఏదీ మా గుమ్మం దాటి రాదని మీ షావుకారుగారితో చెప్పు” అన్నాను. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. ఇక దాన్ని నిలబెట్టుకోవడం నా వంతు. పెరట్లో ఏడు మడులు చేయించి వంగ, బెండ, టమాటా, గోరుచిక్కుడు పెట్టాను.

మా వంశంలో ఒక అలవాటు ఉండేది. ఇంటి చుట్టూ, చెట్ల కింద, ఎక్కడా ఎండాకు కనిపించకూడదు. తెల్లవారేసరికి ఊడ్చి కుప్పపోసి తగలబెట్టాలి. “నేల మీద ఆకుంటే ఈ ఇంట్లో మనుషులు లేరనుకుంటారు” అనేవారు నాన్నగారు. తోట పోయినా నేను ఆ అలవాటు పోనివ్వలేదు. స్కూలుకు వెళ్ళేముందు ఏడు మడులనూ అద్దంలా ఊడ్చేదాన్ని. మరుసటి ఏడు చైత్రం దాటేసరికి ఆ అద్దం పగలడం మొదలైంది. నేల నెర్రెలిచ్చింది. బోరు రోజు విడిచి రోజు, అదీ అరగంటే పోసేది. మధ్యాహ్నానికి వంగ మొక్కలు చేతులు వేలాడేసినట్టు ఆకులు వాల్చేసేవి.

అదిగో, ఆ రోజుల్లోనే గోడ మీద మోచేతులు కనిపించాయి.

“ఏంటమ్మాయిగారూ, నేలని ఇంత బోడిగా ఎండేశారు?”

“శుభ్రంగా ఉంచుకున్నాను వీరమ్మా.”

“నట్టింట్లో ఉంచుకోండి శుభ్రం. మడికెందుకండీ? ఎండలో నిలబడేదానికి పైట లేకపోతే ఎలాగ?”

మాట నాకు గుచ్చుకుంది. అయినా గోడ చుట్టూ తిరిగి లోపలికి రమ్మన్నాను. ఆమె బొటనవేలు మట్టిలో దింపింది. గోరు వరకే దిగింది. “పైన ఏదైనా కప్పండి. పోసిన నీళ్ళు నేలకి దక్కుతాయి. లేకపోతే సూర్యుడికి పోసినట్టే” అంది.

ఏం కప్పాలన్నది తేలడానికి నెల పట్టింది. మొదట మిల్లు నుంచి ఊక తెప్పించి చల్లాను. మూడో రోజు వడగాలికి అది లేచి, పక్కింటావిడ ఆరబెట్టుకున్న వడియాల మీద వాలింది. ఆవిడ చాలా మర్యాదగా ఒక్క వడియం తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తరవాత వరిగడ్డి పరిచాను. ఆవిడ వైపున్న తడిక సందులోంచి వాళ్ళ గేదే మెడ దూర్చి రెండు మడుల గడ్డి, దాంతోపాటు నాలుగు టమాటా మొక్కలు తినేసింది. మిగిలిన గడ్డికి చెదలు పట్టాయి.

“గేదెకి బాగా కుదిరిందండీ మీ పంట” అంది వీరమ్మ గోడ మీంచి.

విత్తనాల కొట్టు అతను చెప్పాడని ఒక మడికి నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు కూడా కప్పాను. వీరమ్మ వచ్చి దాని అంచు ఎత్తి, “చెయ్యి పెట్టి చూడండి” అంది. పెట్టి, చురుక్కుమనడంతో వెంటనే తీసేశాను. “ఎకరాల్లో డ్రిప్పులు వేసుకునేవాళ్ళు దాని సంగతి చూసుకుంటారు. మీకున్న అరగంట నీళ్ళకి కాదండీ ఇది. కుళ్ళి నేలలో కలిసేది కావాలి. గోడ అవతల మోకాలెత్తు ఆకు పడుంది. ఎల్లుండి తగలెడతారంట.”

“ఆ తోటలోది ఏదీ ఈ గుమ్మం దాటదని నేనన్న మాట నీకు తెలియదా?”

“తెలవకేం. అది తెలవని కాకి లేదు ఈ ఊళ్ళో. రాలిన ఆకు ఎవరిదండీ?”

“చెట్టు ఎవరిదైతే వాళ్ళది.”

 షీటును జాగ్రత్తగా చుట్ట చుట్టి పక్కన పెట్టింది. తరవాత అంది: “ఆ చెట్లు చేతికందే మొక్కలప్పుడు చెరువు నుంచి కావిడేసి నీళ్ళు మోసింది మా అమ్మండీ. నేను ఆవిడ కడుపులో ఉన్నా మోసింది. ఆ లెక్కన ఆకు నాది. నా ఆకు మీకిస్తున్నాను. పుచ్చుకుంటారా, పుచ్చుకోరా?”

లెక్కలు చెప్పుకు బతికేదాన్ని. ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు. ముత్తాతగారు వేయించిన తోట అని నాలుగు తరాలుగా చెప్పుకున్నాం. నీళ్ళు ఎవరు పోశారని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

“పుచ్చుకుంటాను” అన్నాను.

“అయితే రండి. నాకు నడుం పట్టేసింది. సగం మీరెత్తాలి.”

మర్నాడు ఆదివారం. గోనెసంచులు చంకన పెట్టుకుని, వీరమ్మతో పాటు తోట పెద్ద గేటు గుండానే వెళ్ళాను. ఆ గేటులోంచి చిన్నప్పుడు నాన్నగారి పక్కన నడిచి వెళ్ళేదాన్ని, అప్పుడు కూలీలు పక్కకు జరిగి నిలబడేవాళ్ళు. ఇప్పుడు నేను చెట్ల కింద వంగి రెండు చేతులా ఆకు తోడుతున్నాను. రెండో సంచి నిండుతుండగా మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది. నడుం నిటారుగా చేసి నిలబడ్డాను. జుట్టులో ఆకులున్నాయి, చేతులు మోచేతుల దాకా దుమ్ము. తిరగ్గొట్టిన బుట్ట మా ఇద్దరి మధ్యా ఉన్నట్టే అనిపించింది.

“మీరెందుకమ్మా శ్రమ? చెబితే మనిషి చేత పంపించేవాణ్ణి కదా” అన్నాడు షావుకారు. ఆ గొంతులో ఎగతాళి ఉందో లేదో వెతుక్కున్నాను. నేను నోరు తెరిచేలోపే వీరమ్మ అందుకుంది.

“ఆకు నాదండి బాబుగారూ. అమ్మాయిగారు నాకు సాయం వచ్చారు.”

ఆయన ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు. “నీదా? సరే, నీదే అనుకో. తగలెట్టే పని తప్పుద్ది మాకు” అని నవ్వి, బండి పక్కకు తీసి మాకు దారి ఇచ్చాడు. నేను సంచి నెత్తికెత్తుకున్నాను. ఆమె వెనక నడిచాను. ఆ రోజు నా నడుం వంగి ఉండవచ్చు, నేను మాత్రం చిన్నబోలేదు. ఆ తేడా ఆ దారిలోనే తెలిసింది.

పెరట్లోకి వచ్చాక అసలు పని మొదలైంది. మామిడాకు తోలులా ఉంటుంది. అలాగే పరిస్తే విస్తరిలా ఒకదాని మీద ఒకటి పడి, నీళ్ళు లోపలికి దిగనివ్వదు. అందుకని సంచుల మూతి కట్టి, మా మెట్ల మీద పడేసి ఇద్దరం తొక్కాం. ముందు మడి తడపాలంది, ఎండిన నేల మీద కప్పితే ఎండనే దాచినట్టంది. బెత్తెడు మందంగా పరవమంది. నేను ఉత్సాహం కొద్దీ వంగ మొక్కల మొదళ్ళ చుట్టూ కుప్పగా పోశాను.

“గొంతు దాకా కప్పుతారేంటండీ? ఊపిరాడొద్దా? మొదలుకీ ఆకుకీ మధ్య నాలుగు వేళ్ళు వదలండి. తడి అంటుకుని ఉంటే కుళ్ళుద్ది.”

మొదళ్ళన్నీ సరిచేసింది, మూలనున్న ఒక్క మొక్కను తప్ప. అది కూడా తీస్తానంటే, “అది అలా ఉండనివ్వండి. చూస్తా ఉండండి” అంది. మూడు వారాల్లో ఆ మొక్క మొదలు నల్లబడి ఒరిగిపోయింది. మిగిలినవన్నీ రోహిణి ఎండను నిలబడి దాటాయి. బొటనవేలు మట్టిలో మెత్తగా రెండు కణుపులు దిగింది. మృగశిర జల్లులకు వంగ విరగకాసింది.

తొలి కోత వంకాయలు పట్టుకుని మొదటిసారి నేను వీరమ్మ ఇంటికి వెళ్ళాను. అంతవరకు ఆమే మా పెరటి తలుపు దగ్గరికి వచ్చేది. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమంది. ఒక కాయ విరిచి చూసి, “గింజ ముదిరిందండీ. రెండ్రోజుల ముందు కోయాల్సింది” అంది. బాగున్నాయని మాత్రం అనలేదు. పుట్టెడు మెచ్చుకోళ్ళు విన్న కుటుంబం మాది, అయినా ఆ ఒక్క తప్పు దిద్దినందుకు కలిగిన సంతోషం నాకు ఏ మెచ్చుకోలుతోనూ కలగలేదు.

ఇప్పటికీ ఆ తోట మామిడిపండు నా గుమ్మం దాటలేదు. నా మాట నేను తప్పలేదు. మాఘంలో పాతాకు రాలడం మొదలవగానే మాత్రం గోనెసంచులతో పెద్ద గేటు గుండా వెళతాను. కొత్త కాపలా మనిషి ఎవరి ఆకని అడిగితే వీరమ్మదని చెబుతాను. అతనికి ఆమె ఎవరో తెలియదు, నిలబెట్టి చెబుతాను. ఇంటి చుట్టూ ఊడ్చిన నేల ఇప్పుడు వాకిలి ఒక్కటే. ఆకు తొక్కి, మడి తడిపి, బెత్తెడు పరిచి, ప్రతి మొక్క దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి కొలుస్తాను. ఆమె వేళ్ళు నావాటికంటే లావు. అందుకని ఐదు వేళ్ళు వదులుతాను.